వాడినవారి తప్పు లేదు

కుట్టు గది నుంచి,
మంగళవారం, మధ్యాహ్నం భోజనాల వేళ

తమ్ముడికి,

అక్క రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలని ఐదో తరగతిలో మాస్టారు నేర్పించారు. నాకొచ్చిన చదువంతా అంతే. ఇవాళ ఆ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు, ఏమీ అనుకోకు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఇంట్లో ఫోన్ మీ బావ మంచం పక్కనే ఉంటుంది. ఆయన ఈ మాట ఎత్తనివ్వరు. "పిల్లే పోయింది, ఇంకా ఆ పెట్టె గురించి పంచాయితీ ఏమిటే" అని టీవీ వైపు తిరిగిపోతారు. ఆ టీవీకి మాట ఉండదు. మాట తీసేసి బొమ్మలు చూస్తూ కూర్చుంటారు. అందుకని నువ్వు కూడా ఇంటికి రాయకు. కవరు మీదున్న ఈ యూనిఫారాల కార్ఖానా అడ్రసుకే రాయి. నేను రాసేది కటింగు కాగితం వెనకవైపు. పెన్సిలు గీతలు కనబడితే అవి చొక్కా చేతులవి, పట్టించుకోకు.

దీనితో పాటు ఒక పార్సిల్ వస్తుంది. అందులో పిల్ల కెమెరా ఉంది. పోయినేడు నువ్వు మీ సర్వీసు సెంటరు వాళ్ళతో చెప్పి ఇప్పించావే, అదే. బస్సు బోల్తా పడ్డ రోజు పోలీసులు పిల్ల సంచీ ఇచ్చారు. అందులో దువ్వెన, గొడుగు, చిన్న పర్సు, ఇది. ఆ సంచీని నలభై ఆరు రోజులు బీరువా మీద పెట్టి కిందనుంచి చూస్తూ తిరిగాను. నిన్న దించాను. కెమెరాకి ఒక మూల సొట్ట పడింది.

నేను బాగుచెయ్యమని పంపలేదు తమ్ముడూ. నాకు ఒక్క ముక్క కావాలి.

పిల్ల స్టూడియోలో చేరిన సంగతి నీకు తెలుసు కదా. స్టూడియో ఆయన దాన్ని ఒక బడికి పంపాడు, పిల్లల కార్డుల మీద అతికించే ఫొటోల కోసం. మూడు వందల పన్నెండు మంది పిల్లలు. బ్యాటరీ ఆదా అని తెర ఆర్పేసి తియ్యమంటాడట ఆయన. అలాగే తీసింది. సాయంత్రం స్టూడియోలో కంప్యూటరుకి పెడితే ఒక్క మొహం లేదు. అడ్డంగా ఊదారంగు గీతలు. పిల్లలందరూ వాన వెనకాల నిలబడ్డట్టు ఉన్నారట. ఆయన "కెమెరా కింద పడేశావు, దాస్తున్నావు" అన్నాడు. "నేను పడెయ్యలేదు" అంది పిల్ల. ఆయన ఇంక రావద్దన్నాడు.

నువ్వు పదిహేనేళ్ళుగా కెమెరాలు విప్పుతున్నవాడివి. దీన్ని చూసి చెప్పు. ఇది పుట్టుకతోనే జబ్బుదా, దెబ్బ తగిలి చెడిందా? ఎందుకని అడక్కు. చెప్పు, అంతే.

ఇంటి నుంచి ఈ కార్ఖానాకి రెండే దారులు. ఒకటి పిల్ల బస్సెక్కిన స్టాపు మీంచి. ఇంకోటి ఆ స్టూడియో ముందునుంచి. మూడో దారి ఉందేమోనని నెలన్నరగా వెతుకుతున్నాను.

అక్క


సర్వీసు సెంటరు వెనక గది నుంచి,
శనివారం

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

పార్సిల్ అందింది. నీ కుట్లు విప్పడానికి నేనూ పక్క బల్లాయనా పావుగంట తంటాలు పడ్డాం. "ఈ గుడ్డ విప్పడం కంటే ఆ కెమెరా విప్పడం తేలికయ్యా" అన్నాడాయన. నవ్వాను. లోపల దాన్ని చూశాక నవ్వు ఆగిపోయింది.

అక్కా, మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువు వచ్చినా ముందు పైన చూస్తాం. ఎక్కడైనా సొట్ట కనబడితే ఎర్ర చీటీ అంటిస్తాం. "దెబ్బ తగిలినది" అని దానర్థం. ఎర్ర చీటీ పడ్డదాన్ని వారంటీ కింద విప్పకూడదు. ఆ రూలు రాసినవాడిని నేను కాదు, అంటించేవాణ్ణి మాత్రమే.

నా అనుభవంలో ఇలా గీతలు వచ్చేవి పదింట తొమ్మిది దెబ్బవల్లే. ఇదీ అదే అయ్యుంటుంది. ఇప్పుడు తెలిసి మాత్రం చేసేదేముంది? వదిలెయ్యి అక్కా. బావ చెప్పిందే నిజం.

నీ మరదలు నిన్ను నాలుగు రోజులు ఇక్కడికి వచ్చి ఉండమంటోంది. రావాలంటే ఆ బస్సే... ఆ ముక్క కొట్టేశాను, అయినా సిరా లోంచి కనబడుతోంది. క్షమించు.

తమ్ముడు


కుట్టు గది నుంచి,
గురువారం

సర్వీసు సెంటరు వారికి,

తమ్ముడికి రాస్తే సర్వీసు సెంటరు జవాబిచ్చింది. అందుకని ఇలా మొదలుపెట్టాను.

పదింట తొమ్మిది అన్నావు. ఒరేయ్, నేను అడిగింది ఆ పదో దాని గురించి.

నేను ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కుతున్నాను. చంక కింద కుట్టూడిన చొక్కా వెనక్కి వస్తే సూపర్వైజరమ్మ తెచ్చి నా ముందు పడేస్తుంది. "ఎవరి తప్పు?" అంటుంది. నేను వేలితో ఆ కొసని తడుముతాను. దారం పుచ్చి ఊడితే కొస పొడిపొడిగా రాలుతుంది. ఎవరైనా లాగితే తెగిన కొస సాగి మెలి తిరిగి ఉంటుంది. నిమిషంలో చెప్పేస్తాను, తొడుక్కున్నవాడి తప్పా, దారం తప్పా అని. అచ్చరాలు సరిగ్గా రాని నేను చెప్పగలిగినప్పుడు, ఇన్ని సామాన్లు ముందేసుకున్న నువ్వు చెప్పలేవా? నీ పనిలో తడిమి చూసే కొస ఉండదా?

ఇంకో మాట. సొట్ట బస్సు పడ్డ రోజుది. గీతలు బడి ఫొటోల రోజువి. గీతల కంటే సొట్ట తొమ్మిది రోజులు చిన్నది. చిన్నది పెద్దదాన్ని ఎలా కంటుంది?

ఎందుకని అడక్కన్నాను కదా. చెప్తే గాని నువ్వు చూసేలా లేవు. చెప్తాను.

ఆ స్టూడియోలో పని నేనే వెళ్ళి అడిగి ఇప్పించాను. ఆయన రావద్దన్న సంగతి పిల్ల నా దగ్గర వారం దాచింది. రోజూ సంచీ తగిలించుకుని బయటికి వెళ్ళేది, ఎక్కడ తిరిగేదో. ఒక సాయంత్రం ఆయనే రోడ్డు మీద నన్ను ఆపి, నలుగురిలో చెప్పాడు. నాకు తల తీసేసినట్టయింది. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాను. నలభై కాలర్లు కుట్టివ్వాలి. పిల్ల నా వెనకాల కెమెరా పట్టుకుని తిరుగుతూ "అమ్మా నేను పడెయ్యలేదే, ఒట్టు" అంటుంది.

నేనేమన్నానో రాస్తాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. "వస్తువు దానంతటది చెడదే, చెడగొట్టే చేతులుంటేనే చెడుతుంది. ఒప్పుకో, రేపు వెళ్ళి ఆయన్ని బతిమాలుకుందాం" అన్నాను. "చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోనే?" అంది. "అయితే అబద్ధాలకోరుకి నేను తల్లిని కాను, నా కళ్ళముందు నిలబడకు" అన్నాను. మిషను ఆపలేదు. వెనక్కి తిరగలేదు.

మర్నాడు నేను పనికొచ్చేశాను. దాన్ని లేపలేదు. నువ్వు మాటలపుట్ట అని పేరు పెట్టినదానితో ఒక్క మాట లేకుండా వచ్చేశాను. మధ్యాహ్నం ఇక్కడికే మనిషి వచ్చి చెప్పాడు.

ఇప్పుడు తెలిసిందా? కెమెరా పుట్టుకతో చెడిందని నువ్వు రాస్తే, నిజం చెప్పిన పిల్లని కళ్ళముందు నుంచి తరిమేశాను. దెబ్బ తగిలిందని రాస్తే, నా పిల్ల చివరికి అబద్ధం మీద పోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏదో ఒకదాంట్లో పడతాను, కానీ మధ్యలో ఇలా నిలబడలేను తమ్ముడూ. కాళ్ళు పీకుతున్నాయి.

విప్పి చూసి రాయి.

అక్క


సర్వీసు సెంటరు వెనక గది నుంచి,
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివి కెమెరా విప్పాను. మేనేజరు భోజనానికి వెళ్ళినప్పుడు తలుపు వేసుకుని విప్పాను.

లోపల లెన్సు పక్కన సన్నటి పగులు ఉంది. పాతది. అంచులో దుమ్ము పట్టింది కాబట్టి పాతదని తెలుస్తుంది. అంటే బడి ఫొటోలకి ముందెప్పుడో చేతిలోంచి జారి ఉంటుంది. మెత్తటి చోట పడితే పైన సొట్ట పడదు, లోపల పగులుతుంది. పిల్లలు భయపడి చిన్న అబద్ధాలు ఆడతారు అక్కా. మనం ఆడలేదా? నాన్న గడియారం పగలగొట్టి పిల్లి మీద పెట్టింది ఎవరు? అబద్ధమాడినంత మాత్రాన అది చెడ్డపిల్ల అవ్వదు. ఏ తల్లయినా నువ్వన్నదే అంటుంది. నువ్వు తప్పు చెయ్యలేదు.

కెమెరా తిరిగి పంపుతున్నాను. బీరువాలో కూడా పెట్టకు, ఎవరికైనా ఇచ్చెయ్యి. ఇంక దీని గురించి రాసుకోవద్దు. సరిగ్గా తిను.

తమ్ముడు


ఇంటి నుంచి,
ఆదివారం, మీ బావ పక్కనే కూర్చుని ఉండగా

ఒరేయ్,

రెండు వారాలు నీకు రాయలేదు. నువ్వు రాసినది నమ్ముదామని చూశాను.

మొదటి వారం తేలిగ్గానే ఉంది, నిజం చెప్తున్నాను. తప్పు నాది కాదని నువ్వు రాశావు కదా. అన్నం సయించింది. కార్ఖానాలో పక్కామె ఏదో అంటే నవ్వాను కూడా. తర్వాత పిల్ల మీద కోపం రావడం మొదలైంది. దాని దుప్పటి మడతపెడుతూ తిట్టాను. పటం ముందు నిలబడి, "పడేశానని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదే" అని అరిచాను. పోయినదాని మీద అరిచాను తమ్ముడూ. అప్పుడు మీ బావ టీవీ ముందునుంచి లేచారు.

"దాన్ని అనకు" అన్నారు.

"మీ బావమరిది విప్పి చూశాడు. పగులుందట" అన్నాను.

"వాడు చెప్పాడా ఆ మాట?" అన్నారు. ఆయన మొహం చూసి నాకు భయమేసింది. కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. "నేనే ఎక్కించానే బస్సు" అన్నారు.

పిల్ల నా మీద అలిగి ఒంటరిగా నీ దగ్గరికి బయల్దేరిందని అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. కాదట. ఆ పొద్దున నేను పనికొచ్చాక అది తండ్రిని లేపి, "నాన్నా, మామయ్యకి ఫోన్ చెయ్యాలి" అందట. సెంటరు తెరిచే వేళ చూసుకుని ఇద్దరూ మంచం పక్క ఫోన్ దగ్గర కూర్చున్నారట. కెమెరా కింద రాసున్న నంబరు చదివి నీకు చెప్పిందట. నువ్వు తీసుకురమ్మన్నావట. ఆయనే సంచీ మోసి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టారట. "అమ్మకి చెప్పకు నాన్నా. సాయంత్రానికి కాయితం రాయించుకుని వచ్చేస్తా. అప్పుడు చూస్తా దాని సంగతి" అని నవ్విందట. ఇదంతా రెండున్నర నెలలు ఆయన గుండెలో పెట్టుకుని, మాట లేని టీవీ చూస్తూ కూర్చున్నారు.

అది నీకు ఫోన్ చేసిందని నువ్వు నాకు రాసిన రెండు ఉత్తరాల్లో ఎక్కడుంది? వెతికాను. లేదు.

తర్వాత కెమెరా తీసి కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. అడుగున స్క్రూ మీద గోరంత వెండి స్టిక్కరు ఉంటుంది. పిల్ల కొత్తలో చూపించింది నాకు. "ఇది చిరగకుండా లోపలికి ఎవరూ వెళ్ళలేరే, చిరిగితే కంపెనీ వాళ్ళు ముట్టుకోరు" అంది. ఆ స్టిక్కరు కొత్తపెళ్ళికూతురిలా ఉంది. ఎక్కడా చిరగలేదు, అంచు లేవలేదు.

విప్పని కుట్టు విప్పానని చెప్తే దర్జీదానికి తెలియదా? తలుపేసుకుని విప్పావట. పగులు చూశావట, దుమ్ము కూడా చూశావు! చిన్నప్పుడు గడియారం నేనే పగలగొట్టాను, అబద్ధం నేనే ఆడాను. కానీ పిల్లి చచ్చిపోలేదురా.

ఏం దాస్తున్నావు? ఎవరికోసం దాస్తున్నావు, నాకోసమా నీకోసమా?

కెమెరా మళ్ళీ పంపుతున్నాను. ఈసారి కుట్లు పలచగా వేశాను, తొందరగా విప్పు. మీ బావ కూడా చూస్తున్నారు. ఈసారి ఇంటికే రాయి.

అక్క


నా గది నుంచి,
ఆదివారం

అక్కా, బావా,

ఇది సెంటరులో కూర్చుని రాయలేకపోయాను.

నేను విప్పలేదు. విప్పాల్సిన పని లేదు. మాకు కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చి ఏడు నెలలైంది. మేనేజరు సొరుగులో ఉంటుంది. లెన్సు వెనకాల వెలుగుని పట్టుకునే చిన్న పలక ఉంటుంది, సెన్సర్ అంటాం. ఒక జట్టు కెమెరాల్లో ఆ సెన్సర్ సరిగ్గా చెయ్యలేదు. ఎండా తేమా తగిలితే లోపలి సన్నతీగలు పట్టు వదిలేస్తాయి. అప్పుడు ఊదారంగు గీతలు వస్తాయి. ఆ కాగితం మీద నంబర్లు ఉన్నాయి. వచ్చి గట్టిగా అడిగినవాళ్ళకి ఊరికే మార్చి ఇవ్వాలి, అడగనివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎవరొచ్చినా మా నోట్లోంచి ముందు రావలసిన మాట ఒకటే: "కింద పడేశారా?" సగంమంది ఆ మాటకే తడబడి వెళ్ళిపోతారు.

మాటలపుట్ట నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి బడి ఫొటోలు పాడైన రెండో రోజు. "మామయ్యా, గీతలొస్తున్నాయి" అంది. నేను వెంటనే "కింద పడేశావా?" అన్నాను. ఆలోచించి అనలేదు అక్కా, నోటికి అలవాటైపోయింది. అది నవ్వింది. "నువ్వూనా మామయ్యా?" అంది.

రెండోది, బావ పక్కనుండగా చేసిన ఫోన్. నంబరు చదివింది. సొరుగు తీసి చూశాను. ఉంది. మూడో పేజీలో, కిందనుంచి నాలుగోది. మేనేజరు పక్కనే నిలబడి ఉన్నాడు. "ఉందా మామయ్యా? నేను పడెయ్యలేదు కదా? ఆ ఒక్క మాట అమ్మకి ఫోన్లో చెప్పు చాలు" అంది. నేను "ఫోన్లో చెప్పేది కాదు, తీసుకురా చూద్దాం" అన్నాను.

తప్పు నీది కాదని ఒక్క మాట ఫోన్లో అని ఉంటే అది బస్సెక్కేది కాదు. రెండున్నర నెలలుగా ఈ వాక్యంలోనే తిరుగుతున్నాను, గానుగెద్దులా. నువ్వు పార్సిల్ పంపినప్పుడు దెబ్బ అని రాస్తే నీకు మనశ్శాంతి ఉంటుందనుకున్నాను. నాకోసమా నీకోసమా అని అడిగావు. నీకోసమనే అనుకున్నాను. స్టిక్కరు సంగతి చదివాక తెలిసింది, నా కోసమే.

ఈసారి నిజంగా విప్పాను. స్టిక్కరు చింపాను. చిరిగిన ముక్క ఈ కాగితం చివర అతికించాను, చూసుకో. లోపల ఏ పగులూ లేదు. సెన్సర్ అంచున తీగలు లేచిపోయి ఉన్నాయి, నువ్వన్నట్టు పుచ్చిన దారంలా. లాగితే తెగినవి కావు.

రెండు వస్తువులు పంపుతున్నాను. ఒకటి సెంటరు కాగితం. "తయారీలో లోపం. వాడినవారి తప్పు లేదు" అని రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టాను. ఎర్ర చీటీ వెయ్యాల్సినదానికి ఇలా రాసిచ్చానని తెలిస్తే మేనేజరు ఊరుకోడు. ఊరుకోకపోతే మానె. అది ఆ రోజు నా దగ్గరికి వచ్చింది ఈ కాగితం కోసమే.

రెండోది వేరే కవరులో అతికించి పెట్టాను. కెమెరా కార్డులో, మీ ఇంట్లో ఆ సాయంత్రం తీసిన కదిలే బొమ్మ ఒకటి ఉంది. నీకు చూపించడానికే తీసినట్టుంది. బొమ్మలో గీతలు తప్ప ఏమీ లేవు. కానీ గొంతు పట్టే మైకు వేరు, దానికి ఏ జబ్బూ లేదు. గొంతు స్పష్టంగా ఉంది. దాన్ని సీడీలో ఎక్కించాను. అందులో నీ గొంతు కూడా ఉంది అక్కా. అందుకే మూడు రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. తెరవడం తెరవకపోవడం నీ ఇష్టం.

కెమెరా కంపెనీకి పంపితే కొత్తది ఇస్తారు, ఇది వాళ్ళే ఉంచుకుంటారు. ఏం చెయ్యమంటావో చెప్పు.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

తమ్ముడు


కుట్టు గది నుంచి,
శుక్రవారం, మధ్యాహ్నం భోజనాల వేళ

నాన్నా తమ్ముడూ,

కవరు తెరిచాను.

మన ఇంట్లో సీడీ పెట్టే యంత్రం లేదు కదా. ఎక్కడ వినాలా అని రెండు రోజులు చూసి, మీ బావని తోడు తీసుకుని స్టూడియోకే వెళ్ళాను. ఆయన నన్ను చూసి లేచాడు. "కూర్చోండమ్మా" అన్నాడు. కూర్చోలేదు. ముందు నీ కాగితం ఆయన ముందు పెట్టి "చదవండి" అన్నాను. మనసులో చదువుకుంటున్నాడు. "బయటికి చదవండి. నన్ను రోడ్డు మీద ఆపినప్పుడు గొంతు బాగానే లేచింది కదా" అన్నాను. ఫొటోలు కత్తిరిస్తున్న ఇద్దరు అమ్మాయిలూ కత్తెర్లు ఆపేశారు. ఆయన చదివాడు. "తయారీలో లోపం. వాడినవారి తప్పు లేదు." మీ బావ ఇంకోసారి చదవమన్నారు. ఇంకోసారి చదివాడు. తర్వాత "పొరపాటైందమ్మా" అన్నాడు. అదే పొరపాటు నాదీ, నీదీ. ఆయన్ని ఒక్కణ్ణే ఏమని తిట్టను?

తర్వాత కంప్యూటర్లో పెట్టమన్నాను. ఆయనే పెట్టి, అమ్మాయిల్ని తీసుకుని బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

తెరంతా ఊదారంగు. ముందు నా మిషను చప్పుడు వచ్చింది. టకటకా టకటకా. అంత గట్టిగా ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. దాని మీంచి పిల్ల గొంతు. "అమ్మా, ఒక్కసారి ఇటు తిరగవే. ఇదిగో ఇప్పుడే తీస్తున్నా, నీ ముందే తీస్తున్నా. ఇప్పుడు నేను పడేశానా? చూడవే తల్లీ, గీతలు నేనెలా గీస్తానే?" తర్వాత నేనన్న మాటలు. నీకు రాసినవే. కానీ రాసినప్పుడు ఆ గొంతు రాయలేదు. మీ బావ నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఆ మాటలు వినడం అదే మొదటిసారి.

నా మాటలు అయిపోయాక మళ్ళీ మిషను. అది ఒక్కటే కాసేపు. పిల్ల ఆర్పేసి ఉంటుందనుకున్నాను. ఆర్పలేదు. మెల్లగా, నాకు వినబడకుండా, కెమెరాతో చెప్పింది. "సరే. మామయ్య కాయితం రాసిస్తే నువ్వే నమ్ముతావులే. అప్పుడు నాకు సారీ గీరీ ఏమీ చెప్పక్కర్లేదు మహాతల్లీ. మీ కార్ఖానా నీలం గుడ్డలో ఒక ముక్క కొట్టేసి దీనికి మంచి సంచీ కుట్టివ్వు, చాలు." అని ముక్కు ఎగబీల్చి నవ్వింది. అక్కడితో అయిపోయింది.

కళ్ళముందు నిలబడకన్న తల్లిని అది సంచీ అడిగింది తమ్ముడూ.

తేలికయ్యానని రాయను, అబద్ధాలు చాలు మనకి. నిజం తెలిస్తే గది తలుపు తెరుచుకుంటుందనుకున్నాను. తెరుచుకోలేదు. గదిలో నేను ఒక్కదాన్నే లేనని తెలిసింది, మీ బావ ఒక మూల, నువ్వొక మూల ఉన్నారు. రాత్రి అన్నాలప్పుడు మీ బావ టీవీకి మాట పెట్టారు. నేను ఆర్పలేదు.

నిన్ను తిట్టడానికి నోరు రావడం లేదు. క్షమించానని రాయడానికి చెయ్యీ రావడం లేదు. రెండూ వచ్చే రోజు రాస్తాను. ఈలోగా ఒక పని చెయ్యి. మీ కౌంటరు దగ్గరికి ఎవరైనా వచ్చి "నేను పడెయ్యలేదండీ" అంటే, ఆ మాట నోట్లోంచి రాకముందు నాలుక కొరుక్కుని, సొరుగు తీసి చూడు. పని పోతుందంటే పోనీ. మేనేజరు ఊరుకోకపోతే ఇక్కడికి వచ్చెయ్యి, కాజాలు కుట్టడం నేర్పిస్తాను. నీ చేతివేళ్ళు సన్నవి.

కెమెరా కంపెనీకి పంపకు. కొత్తది నాకొద్దు. సెన్సర్ మార్చకు, సొట్ట తియ్యకు, గీతలు గీతల్లాగే ఉండనీ. పనికొచ్చేటప్పుడు స్టాపు దారినే వస్తున్నాను ఇప్పుడు, పోస్టాఫీసు ఆ దారిలోనే ఉంది. పంపగానే తెచ్చుకుంటాను.

నీలం గుడ్డ సూపర్వైజరమ్మని అడిగే తీసుకున్నాను, కొట్టెయ్యలేదు. లోపల మెత్తగా పాత దుప్పటి ముక్క వేస్తున్నాను, దానిదే. అన్నీ కత్తిరించేవరకూ వచ్చి ఆగిపోయాను. కెమెరా నీ దగ్గరుంది కదా. నా చేతికి అందాజు బాగానే తెలుసు, చూడకుండా కుట్టగలను. కానీ ఈసారి అందాజుగా కుట్టను. టేపు పెట్టి కొలిచి రాసి పంపు. పొడవెంత, వెడల్పెంత, మందమెంత. ఆ మూల సొట్ట దగ్గర విడిగా కొలువు.

అక్క